తలుపు వేసిందెవరు

ఆ ఇంగ్లీషు పుస్తకం మా ఇంటికి వానలో వచ్చింది. మా ఇంటాయన పట్నం నుంచి సాయంత్రం రైలుబండి దిగి, పుస్తకాన్ని అంగీ లోపల కడుపుకు ఆనించుకుని, పైన టవల్ చుట్టుకుని, తాను మాత్రం నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి వచ్చాడు. గడపలో నిలబడి, "ముందుగాల దీన్ని అందుకో. దీనికి తడి తగలొద్దు" అన్నాడు. అందుకున్నాను. తల తుడుచుకోమని ఇద్దామంటే ఇంట్లో ఉన్న మంచి టవల్ ఆ పుస్తకానికే చుట్టి ఉంది.

అప్పుడు మేము భువనగిరిలో, ఖిల్లా గుట్ట కింద ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాము. నేను, ఆయన, మా అత్తమ్మ. మా మామ అప్పటికే లేడు. దేవరకొండ దిక్కు వాళ్లకు కొంచెం చెలక ఉండేది. వాన పడితే ఆముదాలు, జొన్నలు, పడకపోతే రాళ్లు. ఆ చెలక మీద మా బావ కుటుంబమే బతకలేకపోతుంటే మేము కూడా పోయి ఏం తింటాము? అందుకే ఆయన నౌకరీ మాకు ఒక్కటే ఆధారం. పట్నంలో ఒక దఫ్తరులో గుమాస్తా. అదీ తాత్కాలికం. పొద్దున బండికి పోయి సాయంత్రం బండికి వచ్చేవాడు. అక్కడే ఉండొచ్చు కదా అని చుట్టాలు అడిగితే నేనే చెప్పేదాన్ని, ఇక్కడ గదికి ఇచ్చే కిరాయికి అక్కడ గోడకు ఆనుకోనివ్వరు అని.

ఆ దఫ్తరుకు లెక్కలు చేసే మిషన్ వస్తోందని ఆయన చెప్పాడు. కంప్యూటర్ అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ రోజే. కార్డులనే అట్టముక్కలకు బొక్కలు కొట్టి లోపలికి పంపితే అదే కూడుతుందట, అదే తీసివేస్తుందట. దాని కోసం ప్రత్యేకంగా ఒక గది, గదికి కట్టుబాట్లు. లోపల ఎవరి లెక్క ఏమిటో బయటివాళ్లకు తెలియకూడదు, అట్టముక్క ఒకటి అటూ ఇటూ కాకూడదు. ఆ కట్టుబాట్లన్నీ ఇంగ్లీషులో ఈ పుస్తకంలో ఉన్నాయి. చదివి, వాటి అర్థం పెద్దసారు ముందు తెలుగులో చెప్పాలి. అదే పరీక్ష. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే బట్టీ పట్టి ఒప్పజెప్పేవాళ్లను ఆ సారు చాలామందిని చూశాడట. నెగ్గినవాళ్లను మిషన్ గదిలోకి తీసుకుంటారు, వాళ్ల నౌకరీ పక్కా. మిగిలిన తాత్కాలికం వాళ్లకు మిషన్ వచ్చాక పని ఉండదు.

"ఉండదంటే?" అని అడిగింది అత్తమ్మ.

"ఉండదంటే ఉండదు. మల్ల చెలక్కే పోవాలె."

అత్తమ్మ చాటలోని బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

పుస్తకం ఒక్కటే. పరీక్షకు కూర్చునేవాళ్లు వరసగా ఒకరి తర్వాత ఒకరు ఇంటికి తీసుకుపోవాలి. అందరికంటే చివరి వంతు ఈయనది. పరీక్ష నాడు దాన్ని తెచ్చినట్టే మళ్లీ సారు చేతికి ఇవ్వాలి. మరక చేసినా, మడత పెట్టినా ఊరుకునేది లేదని మొదటి పేజీలోనే రాసి ఉందట. నేను బట్టల దుకాణం నుంచి వచ్చిన మందపాటి కాగితం దాచి ఉంచాను, దానితో అట్ట వేశాను.

దీపం పెట్టుకుని చదువుతానన్నాడు. నూనె ఎవరు పోస్తారు? తెల్లవారాక వాకిట్లో చదువుకోమన్నాను. అట్లా మా చదువులు పొద్దున పొయ్యి దగ్గర మొదలయ్యాయి. మా అంటున్నాను గానీ నేను చదివింది హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్లో మూడో తరగతి దాకా. అక్షరాలు వచ్చు, కూడికలు వచ్చు, ఆ తర్వాత బర్రెలు వచ్చాయి. ఆయన చదువు ఉర్దూలో మొదలై, నిజాం సర్కారు పోయినంక తెలుగులోకి మారి, మధ్యలో ఎక్కడో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. మాటలన్నీ ఆయనకు తెలుసు. ఒక్కొక్క మాటకు అర్థం అడిగితే టక్కున చెప్తాడు. అన్నీ కలిపి ఒక వరసలో పెడితే మాత్రం చీకట్లో దారి తప్పిన మేకలా నిలబడిపోతాడు.

నేను జొన్నరొట్టె కొడుతున్నాను. ఆయన గట్టిగా చదివాడు: "కార్డ్స్ లెఫ్ట్ ఆన్ ది టేబుల్..." చదివి ఆగాడు.

"అంటే ఏంది?" అన్నాను.

"కార్డులు బల్ల మీద వదిలిపెట్టిండ్రు."

"మంచిగుంది. వదిలిపెట్టిండ్రు. అటెన్క?"

"అటెన్క పెట్టెల పెట్టి తాళం వెయ్యాలె అని ఉంది. అది దీనికి ఎట్ల అతుకుతదో సమజైతలేదు. వదిలిపెట్టిండ్రు అన్న కాడ్నే ముచ్చట ఒడిసిపోయింది గదా!"

నాకు ఇంగ్లీషు తెలియదు. కానీ అంగడికి పోయి సరుకు అడగడం తెలుసు. "ఎసొంటి కార్డులు?" అన్నాను.

"ఎసొంటివంటే?"

"పెసర్లు కొనేటప్పుడు అడుగుతమా లేదా? ఎసొంటి పెసర్లు, పోయినేడు పండినయా, ఈయేడు పండినయా, పురుగు తిన్నయా? గట్లనే అడుగుతున్న. ఎసొంటి కార్డులకు తాళం వెయ్యాలె?"

ఆయన పుస్తకంలోకి చూశాడు. రొట్టె ముక్క చేతిలోనే ఉంది. "బల్ల మీద వదిలిపెట్టిన కార్డులకు" అన్నాడు మెల్లగా. మళ్లీ గట్టిగా, "బల్ల మీద వదిలిపెట్టిన కార్డులను పెట్టెల పెట్టి తాళం వెయ్యాలె! అవునే, గంతే ఇది!"

తర్వాత ఆయనే నాకు వివరించాడు. మనం దంచిన బియ్యం అంటాము, నానబెట్టిన పప్పు అంటాము. ఎటువంటిదో ముందే చెప్పి, ఆ తర్వాత వస్తువు పేరు చెప్తాము. ఇంగ్లీషువాళ్లు ముందు బియ్యం అంటారట, దంచినది అన్న మాటను వెనకాల తోకలాగా కడతారట. ఆ తోకను చూసి ఈయన వాక్యం అయిపోయిందనుకుని ఆగిపోతున్నాడు. ఆ పుస్తకంలో తోక లేని వాక్యమే లేదు. కొన్నింటికి తోకకు కూడా తోక ఉంది.

ఆ పొద్దు నుంచి నా పని అదే అయింది. ఆయన ఒక వాక్యం చదవడం, నేను పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ "ఎసొంటిది?" అనడం. కొన్నాళ్లకు నేను అడగకముందే తనకు తానే అడుక్కోవడం మొదలుపెట్టాడు. స్నానం చేస్తూ కూడా "ఎసొంటి డబ్బా? సీలు వేసిన డబ్బా. ఎసొంటి మనిషి? అనుమతి పొందిన మనిషి" అని గొణుక్కునేవాడు. పక్క గదిలో ఉండే ఆమె, "మీ ఆయనకు పానం బాగలేదా? దవాఖానకు తీస్కపోరాదు" అని నన్ను చాటుగా అడిగింది.

అత్తమ్మ ఊరికే వింటున్నదని అనుకున్నాము. ఒకనాడు ఆయన, "గది విడిచి పోయిన మనిషి దీపం ఆపాలె" అని అర్థం చెప్పాడు. అత్తమ్మ తల ఎత్తకుండానే అంది:

"పోయినోడు మల్లొచ్చి ఆపుతడా కొడకా? పోతున్నోడు ఆపాలె గని."

ఆయన పుస్తకం చూసుకున్నాడు. నాలుక కరుచుకున్నాడు. "అవునే అమ్మా. పోతున్న మనిషే. నేను జూసుకోలే."

"నీకు ఇంగ్లీషు తెల్సు, నాకు తెల్వది" అంది అత్తమ్మ, ఎంతో వినయంగా. ఆ వినయానికి ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

అన్నిటికంటే మా ముగ్గురికీ గొడవ పెట్టిన వాక్యం తలుపుది. ఆయన చెప్పిన అర్థం ఇది: "తలుపుకు తాళం వేసి, తాళంచెవి పెద్దసారుకు అప్పజెప్పబడాలె."

"తాళం వేసిందెవరు?" అన్నాను.

"అది రాయలే."

"మరి తాళంచెవి తనంతల తానే తాళం వేస్కొని, నడుస్కుంట పెద్దసారు దగ్గరికి పోతదా?"

అత్తమ్మ నవ్వు ఆపుకోలేక చాట కింద పెట్టింది. ఆయనకు కోపం వచ్చింది. "అది దొరల భాష. అందుల గట్లనే ఉంటది. పని కనిపిస్తది, మనిషి కనిపించడు."

"మనిషి కనిపించకుంటే పని గూడ కనిపించదు. మీ ఇంట్ల అంట్లు తోమబడాలె, నీళ్లు తేబడాలె అంటే తోమేదెవరు, తెచ్చేదెవరు? నేను. గంతే గదా? గా మిషన్ గదిల నేను ఉండ గదా!"

ఆయన పుస్తకం మూసి బండికి పోయాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ విప్పుతూనే, "చివరికి బయటికి పోతున్న మనిషి తలుపుకు తాళం వేసి, చెవి సారుకు ఇయ్యాలె. గిట్ల చెప్తే మంచిగుంటదా?" అన్నాడు. బండిలో దారి పొడుగునా దాని గురించే ఆలోచించాడట. మంచిగానే ఉందన్నాను.

ఇప్పుడు మా మనవరాలు ఫోను చూసి నాకు చదివి వినిపిస్తుంది, అవ్వా, నీ పాస్‌వర్డ్ మార్చబడింది అని. ఎవరు మార్చిండ్రే అని అడుగుతాను. అది రాయలేదవ్వా అంటుంది. ఇన్నేళ్లయినా ఆ రాసేవాళ్లు మారలేదు.

పరీక్షకు ముందు దసరా వచ్చింది. మా దిక్కు దసరా నాడు పని చేసే ప్రతి వస్తువుకూ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టడం ఉంది. ఆయన జమ్మి ఆకు తేవడానికి పోయాడు. నేను బావి దగ్గర ఉన్నాను. అత్తమ్మ గోడ వారన పీట వేసి కొడవలి, రోకలి, చాట, ఆయన కలం, అన్నీ కడిగి వరసగా పెట్టింది. ఈ ఇంటికి అన్నం పెట్టబోయే వస్తువు ఇంకొకటి ఉందని ఆమెకు గుర్తొచ్చింది. నేను వేసిన అట్ట విప్పి పక్కన పెట్టి, పుస్తకం పైన పసుపు తడిపి రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. చదువు లోపల ఉంటుంది కదా అని తెరిచి మొదటి పేజీకి కూడా పెట్టింది. మరక చేయకూడదని రాసి ఉన్న పేజీ అదే.

నేను బిందె దించి చూసేసరికి పసుపు కాగితంలోకి ఇంకిపోతోంది.

"అత్తమ్మా! అట్ట ఎందుకు తీసినవు?"

"గుడ్డ కప్పుకున్నోనికి బొట్టు పెడ్తమా? మొకం కనిపించాలె గదా."

అప్పుడే ఆయన వచ్చాడు. చేతిలోని జమ్మి ఆకు కింద పడింది. లోపలికి పోయి, బట్టల సబ్బు మీద తడిగుడ్డ రుద్ది తెచ్చి, నేను వద్దు వద్దనేలోపలే పసుపు మీద రాశాడు. పసుపు మీద సబ్బు పడితే ఏమవుతుందో బట్టలు ఉతికే ఏ ఆడమనిషినైనా అడగాల్సింది. పచ్చగా ఉన్నది ఎర్రగా, నెత్తురు మరకలాగా అయి కూర్చుంది. ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"అయిపోయింది. పరీక్షకు పోకముందే అయిపోయింది" అన్నాడు.

పసుపుకు మందు ఎండ. నేను పుస్తకాన్ని తీసుకుపోయి మిద్దె మీద ఎండలో తెరిచి, ఎగరకుండా రెండు వైపులా గులకరాళ్లు పెట్టి, పక్కన కూర్చుని కాకులను తోలాను. పండుగ పూట వంట అత్తమ్మే చేసింది. పొద్దుగూకేసరికి ఎరుపు పోయి, కాగితం మీద గోడకు వేసిన పాత సున్నంలా లేత పసుపు మిగిలింది. మర్నాడు మళ్లీ పెట్టాను. ఇంకా తగ్గింది. కుంకుమ మాత్రం కదల్లేదు.

ఆయన ఏం చెప్పాలో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. "సార్, ఇంట్ల పండుగుండె. పుస్తకానికి జర పసుపు అంటుకున్నది." ఇది అటూ ఇటూ మార్చి మార్చి అంటున్నాడు. అంటుకున్నది, మరక పడ్డది, ఎట్లనో అయ్యింది.

నేను రొట్టె తిప్పుతూ, "ఎవరు అంటించిండ్రు?" అన్నాను.

"నువ్వు జర ఊకుంటవా!"

అత్తమ్మ లేచి వచ్చి ఆయన ముందు కూర్చుంది. ఆమె అట్లా ఎదురుగా కూర్చుని మాట్లాడటం నేను తక్కువ చూశాను.

"నా పేరు చెప్పు బిడ్డా. మా అమ్మ పెట్టింది అని చెప్పు. నేను దొంగతనం చేసిన్నా? బొట్టు పెట్టిన. మీ సారుకు గుస్సా వస్తే నన్ను పిలువుమను, బండెక్కి వస్త."

"నువ్వొచ్చి ఏం చేస్తవే?"

"ఆయన మొకం జూసి మాట్లాడుత. నువ్వు మటుకు అంటుకున్నది, పడ్డది అనకు. గట్ల మాట్లాడెటోన్ని ఎవరన్న తాళాల గదిల పెట్టుకుంటరా?"

పరీక్ష నాడు ఆయన పొద్దున బండికి పోయి మధ్యాహ్నం బండికే వచ్చేశాడు. అంత తొందరగా వస్తాడని నేను అనుకోలేదు. నీళ్లు ఇచ్చాను. తాగాడు. అత్తమ్మ, నేను ఇద్దరమూ నిలబడే ఉన్నాము.

పెద్దసారు కోస్తా దిక్కు మనిషి. పుస్తకం తెరవగానే, "ఏమిటయ్యా ఇది? ఎవరు చేశారు?" అని అడిగాడట. అంటుకున్నది, పడ్డది అని నేర్చుకున్నదంతా ఈయన నోటి దాకా వచ్చిందట.

"మరి ఏం జెప్పినవ్?" అంది అత్తమ్మ.

"మా అమ్మ బొట్టు పెట్టింది సార్, దసరాకు, అన్న. తుడవబొయ్యి సబ్బు రాసి ఎర్రగ చేసింది నేను అన్న. ఎండల పెట్టి తగ్గించింది మా ఇంటామె అన్న."

"నా పేరెందుకు చెప్పిండ్రు?" అన్నాను.

"ఎవరెవరని అడిగితివి గదా నువ్వు, అందరి పేర్లు చెప్పిన."

సారు నవ్వలేదట, తిట్టనూ లేదట. పుస్తకం అట్లాగే పక్కన పెట్టి వాక్యాలు అడగడం మొదలుపెట్టాడట. వదిలిపెట్టిన కార్డులు వచ్చాయి, సీలు వేసిన డబ్బా వచ్చింది. తలుపు వాక్యం కూడా వచ్చింది. ఈయన "చివరికి బయటికి పోతున్న మనిషి" అంటూ చెప్పాడు.

"ఆ మనిషి పుస్తకంలో లేడు కదయ్యా. ఎక్కడి నుంచి తెచ్చావు?" అన్నాడట సారు.

"లేడు సార్. గని మనిషి లేకుంటే తలుపు పడదు సార్."

సారు కాగితం మీద ఏదో రాసుకుని, ఇక పొమ్మన్నాడట. అంతే. ఏం రాసుకున్నాడో తెలియదు. ఈయన దఫ్తరులో కూర్చోలేక సెలవు చీటీ ఇచ్చి వచ్చేశాడు.

ఆ తర్వాతి రోజుల్లో అత్తమ్మ చెలక సంగతులు కనుక్కోవడం మొదలుపెట్టింది. ఊరి నుంచి ఎవరు వచ్చినా, వానలు ఎట్లున్నయి, గట్లు పోసిండ్రా అని అడిగేది. ఆమె ఎందుకు అడుగుతున్నదో నాకు తెలుసు. నేను కూడా గది ఖాళీ చేస్తే ఏమేం మోసుకుపోవచ్చో మనసులోనే చూసుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన గడపలోకి వచ్చి, నేను ఇంకా తిరగకముందే, "తీసుకున్నరు" అన్నాడు. మళ్లీ చెప్పాడు. "మిషన్ గదిల తీసుకున్నరు. పక్కా."

అత్తమ్మ ఆయన తల మీద చెయ్యి పెట్టింది. నేను పొయ్యి వైపు తిరిగాను. ఎసరు పొంగుతోంది మరి.

తిన్న తర్వాత మిగిలిన సంగతి చెప్పాడు. సారు రెండు పనులు పెట్టాడట. మరక పడిన పేజీని శుభ్రంగా మళ్లీ రాసి పుస్తకంలో అంటించాలి. అది శిక్ష. గదికి కాపలా ఉండే చప్రాసీలకు ఇంగ్లీషు రాదు కాబట్టి, ముఖ్యమైన కట్టుబాట్లను తెలుగులో రాసి గోడకు పెట్టాలి. అది శిక్షో కాదో ఈయనకు తెలియలేదు. "ఆ మనిషిని మటుకు వదలకు" అన్నాడట సారు.

సెలవు రోజు పొద్దున వాకిట్లో కూర్చున్నాము. ఆయన కాగితం పరిచి మొదట తలుపు సంగతే రాశాడు. రాసి చదివాడు: "చివరికి బయటికి పోతున్న మనిషి తలుపుకు తాళం వేయాలి."

అత్తమ్మ ఒప్పుకోలేదు. "చివరికి పోయేదెవడు? ప్రతోడు నా ఎన్కాల ఇంకోడున్నడు అని పోతడు. ఊర్ల బాయి మోటరు గిట్లనే రాత్రంత నడిచింది, మర్సినవా?"

"గని పుస్తకంల గంత గూడ లేదు గదనే!"

"పుస్తకం సంగతి నాకెందుకు? తలుపు సంగతి చెప్తున్న."

ఆయన నా వైపు చూశాడు, నేను తన వైపు మాట్లాడతానేమోనని. "పొద్దున తాళం తీసేదెవరు?" అన్నాను.

"వంతుల వారీగ. ఆ దినం ఎవని వంతైతే వాడు సారు దగ్గర చెవి తీస్కుంటడు."

"చెవి ఎవని చేతిల ఉంటదో తెల్సు గదా మరి."

ఆయన కలం అందుకున్నాడు. రాసినదాన్ని కొట్టేశాడు. కాగితం పారేయొద్దు, వెనక రాయమన్నాను. తిప్పి, గుండ్రంగా, మెల్లగా రాశాడు: పొద్దున తాళంచెవి తీసుకున్న మనిషే, అందరూ వెళ్లారని చూసి, సాయంత్రం తలుపుకు తాళం వేసి, ఆ చెవిని తన చేత్తో పెద్దసారు చేతికి ఇవ్వాలి.

గట్టిగా చదివాడు. అత్తమ్మ విని తల ఊపి, చాట దగ్గరికి జరిగింది. నేను ఏమీ అడగలేదు. ఇంకేమైనా అడుగుతామేమోనని ఆయన కొంచెం సేపు మా ఇద్దరి ముఖాలూ చూసి, సిరా ఆరడానికి కాగితాన్ని ఎండ వైపు పట్టుకున్నాడు.